ఇరిగితే ఏం పోద్ది? చవక సైకిల్ సామాను తెప్పించుకునే ముందు

మా నాయనది నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో సైకిల్ షాపు. గంటకింత అని సైకిళ్ళు అద్దెకిచ్చే రోజుల నుంచీ ఉంది. బడి వదిలాక నేను అక్కడే కూర్చుని చక్రాలకు బెండు తీయడం నేర్చుకున్నాను. షాపులో రెండు రేకు డబ్బాలుండేవి. ఒకదాంట్లో బెల్లులు, పెడల్ రబ్బర్లు, మడ్‌గార్డు బోల్టులు. అవి ఎవడు చవగ్గా ఇస్తే వాడి దగ్గర కొనేవాడు. రెండోదాంట్లో యాక్సిళ్ళు, కాటర్ పిన్నులు, బ్రేక్ రబ్బర్లు. అవి మాత్రం లూధియానా నుంచి వచ్చే ఒకే రకం, పది రూపాయలు ఎక్కువైనా సరే. ఎందుకు నాయనా అంటే, "అది ఇరిగితే బెల్లు మోగదు, ఇది ఇరిగితే మనిషి మోగతాడు" అనేవాడు.

ఇప్పుడు నాది గేర్ల సైకిల్. ఆదివారం తెల్లారక ముందే బయల్దేరి ఇందుకూరుపేట మీదుగా మైపాడు సముద్రం దాకా పోయి, ఎండ ఎక్కకముందే ఇంటికొచ్చేస్తాను. దీని సామాను ధరలు చూస్తే కళ్ళు తిరగతాయి. అందుకే అందరిలాగే నేనూ విదేశీ చవక సైట్ల మీద పడ్డాను. 2020 నవంబర్‌లో కేంద్రం 43 యాప్‌లు ఆపేసినప్పుడు నేను వాడే యాప్ కూడా పోయింది. అప్పటి నుంచీ సింగపూర్‌లో ఉన్న మా మరిది ఆర్డర్ పెట్టుకుని, సంక్రాంతికి వస్తా వస్తా సూట్‌కేసులో తెస్తాడు. వాపసు ఇవ్వడానికి లేదు, గొడవ పెట్టుకోవడానికి లేదు. కాబట్టి కొనే ముందే ఆలోచించాలి. నేను చేతులు కాల్చుకుని తెలుసుకున్నది చెప్తాను.

అన్నిటికంటే ముందు వద్దనేది పేరూ ఊరూ లేని కార్బన్ సామాను. హ్యాండిల్, దాన్ని పట్టుకుని ఉండే స్టెమ్, సీటు పైపు, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు. ఇనుమైతే ముందు వంగుతుంది, మనకు తెలుస్తుంది. కార్బన్ వంగదు. లోపల పొరలు పొరలుగా గుడ్డ, జిగురు. ఆ పొరలు సరిగ్గా అతుక్కున్నాయా, మధ్యలో గాలి బుడగలున్నాయా అన్నది పైనుంచి చూస్తే బ్రహ్మదేవుడికి కూడా తెలీదు. పైన మెరుపు మాత్రం బో బాగుంటుంది.

నేను ఒక హ్యాండిల్ తెప్పించాను. బ్రాండుదానిలో పావు ధర కూడా లేదు. ఎంత బిగించామో చూపే టార్క్ పానాతో, స్టెమ్ మీద రాసున్నట్టే ఐదు న్యూటన్ మీటర్లకే బిగించాను, అతి చెయ్యలేదు. మూడో వారం, ఇందుకూరుపేట దాటి రొయ్యల గుంటల పక్కన పోతా ఉంటే, లేచి తొక్కినప్పుడల్లా 'టిక్'మంటోంది. ఇసక పడిందేమో అనుకున్నా. ఇంటికొచ్చి టేప్ విప్పితే, స్టెమ్ పట్టుకునే చోటికి అంగుళం పక్కన వెంట్రుకంత గీత. గోరుతో గీకితే రంగు పోయింది, గీత పోలేదు. బొటనవేలితో నొక్కితే అక్కడ మెత్తగా లోపలికి పోయింది, నూనెలో సరిగ్గా వేగని అప్పడం లాగ. రూపాయి బిళ్ళ తీసుకుని ఈ చివర నుంచి ఆ చివరకు తడతా పోయాను. మంచి చోట 'టక్ టక్' అని గట్టిగా పలికింది. గీత దగ్గరకొచ్చేసరికి 'డబ్' అని బోలుగా వచ్చింది. మా అమ్మ కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి వినేది, అచ్చం అదే పద్ధతి. మీ దగ్గర ఇప్పటికే అలాంటి హ్యాండిల్ ఉంటే ఈ రాత్రే టేప్ విప్పి బిళ్ళతో తట్టి చూడండి. ఒకటి గుర్తుంచుకోండి: బోలుగా పలికితే తీసి పారెయ్యాల్సిందే, కానీ బాగా పలికినంత మాత్రాన అది మంచిదని కాదు.

అల్యూమినియం హ్యాండిల్ కాస్త ఎక్కువ తూగుతుంది. మైపాడు రోడ్డంతా చదును. ఆ బరువు తగ్గించుకుని నేను ఏ కొండెక్కాలి?

బ్రేకులు తర్వాత. డిస్కు ప్యాడ్ అంటే రేకు మీద అతికించిన మసాలా ముక్క, అంతే. ఆ అతుకు ఊడిందంటే రేకు వచ్చి డిస్కుకు రాసుకుంటుంది. నా చవక ప్యాడ్‌కు ఒక మూల లేచింది, నా అదృష్టం కొద్దీ చక్రం ఊడదీసినప్పుడు కనపడింది. ఇంకో తిరకాసు ఉంది. షిమానో కంపెనీ తక్కువ రకం డిస్కుల మీద 'రెసిన్ ప్యాడ్ ఓన్లీ' అని చెక్కి ఉంటుంది, అంటే జిగురుతో చేసిన మెత్తటి ప్యాడ్లే వెయ్యాలని. చవక సైట్లో 'సెమీ మెటల్' అని ఊరించే ప్యాడ్లు వాటికి వేస్తే డిస్కు తొందరగా అరుగుతుంది. షిమానో డిస్కు కొత్తది 1.8 మిల్లీమీటర్ల మందం, 1.5కి వస్తే మార్చెయ్యాలి. ప్యాడ్, డిస్కు, బ్రేక్ కేబుల్: ఈ మూడూ బిల్లు ఇచ్చే షాపులోనే కొనండి.

చైనుకు నకిలీలు ఎక్కువ. డబ్బా, స్టిక్కరు, అన్నీ అచ్చు గుద్దినట్టుంటాయి. తొక్కేకొద్దీ చైను ఎంత సాగిందో పట్టుకోవడానికి స్టీలు స్కేలు చాలు. ఒక్కో లింకు అర అంగుళం, కాబట్టి 24 లింకులు పిన్ను నుంచి పిన్నుకు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు ఎక్కువొస్తే చైను మార్చే టైమైంది. ఎనిమిదో వంతు వచ్చిందంటే వెనక గేర్ల పళ్ళు కూడా తినేసినట్టే. నా నకిలీ చైను రెండు నెలల్లో ఆ పదహారో వంతు దాటింది. చైను డబ్బులు మిగిలాయనుకుంటే గేర్ల సెట్టు డబ్బులు పోయేవి. పైగా లేచి తొక్కేటప్పుడు తెగితే పెడల్ కిందికి జారి, మనం హ్యాండిల్ మీద పడతాం.

పెడళ్ళు, వాటిని మోసే క్రాంకులు కూడా అదే లెక్క. యాక్సిల్ లోపలుంటుంది, కంటికి కనపడదు. వద్దు.

తెల్లారుజామున తొక్కేవాళ్ళకు లైటు కావాలి. ఆ సైట్లలో దొరికే చవక లైట్లలో 18650 అనే బ్యాటరీ ఇస్తారు. పద్దెనిమిది మిల్లీమీటర్ల లావు, అరవై అయిదు పొడుగు. ఆ సైజులో ఛార్జి పట్టే కొలత 3500 ఎంఏహెచ్ దగ్గరికి రావడమే గొప్ప. నాకొచ్చిన దాని మీద 9900 అని రాసుంది! చిన్నబజారులో తెలిసిన బంగారం కొట్టుకు తీసుకెళ్ళి తూకం వేయించా. మంచి సెల్ 45 గ్రాములకు అటూ ఇటూ ఉండాలి, ఇది 31. "ఏందక్కా, దీన్ని తాకట్టు పెడతావా?" అని కొట్టబ్బాయి ఒకటే నవ్వు. నవ్వులాట కాదు, ఛార్జింగులో పెట్టి నిద్రపోయే వస్తువది. లైటు తెప్పించుకున్నా, బ్యాటరీ మాత్రం ఇక్కడే కొనండి.

హెల్మెట్ సంగతి చెప్పక్కర్లేదు. లోపలి ఫోమ్‌ను పరీక్ష చెయ్యాలంటే పగలగొట్టాలి, ఈఎన్ 1078 అనే యూరప్ భద్రతా ప్రమాణం స్టిక్కరు ఎవడైనా అచ్చేస్తాడు.

బోల్టుల విషయంలో మన దగ్గర ఇంకో శత్రువు ఉప్పుగాలి. 'స్టెయిన్‌లెస్' అని పంపిన బోల్టును ఒక రాత్రి ఉప్పునీళ్ళలో వేసి, బయటికి తీసి తడిగుడ్డలో చుట్టి రెండ్రోజులు వదిలెయ్యండి. ఎర్రబారిందా, బాటిల్ స్టాండుకు వాడుకోండి. ఎర్రబారకపోయినా స్టెమ్‌కూ బ్రేకుకూ మాత్రం కంపెనీ బోల్టులే ఉంచండి. తుప్పు పట్టకపోవడం వేరు, గట్టిదనం వేరు.

మధ్యరకం ఒకటుంది, బేరింగులు. చవక హబ్బు (చక్రం నడిమధ్య భాగం) కొని బాధపడేవాళ్ళకు చెప్తున్నా. బేరింగు సీలు మీద 6902 అనో 6001 అనో నంబరుంటుంది. ఆ నంబరు పట్టుకుని మోటార్లకు బేరింగులమ్మే కొట్టుకు పోండి. మంచి కంపెనీ బేరింగే దొరుకుతుంది, సింగపూర్ దాకా పోయే పని లేదు.

ఇక హాయిగా తెప్పించుకునేవి: బాటిల్ స్టాండ్లు, హ్యాండిల్ టేపు, గ్రిప్పులు, సీటు కింద సంచి, ఫోన్ పెట్టుకునే క్లిప్పు, స్పోకు పానా, వాల్వు మూతలు. ఇవి ఇరిగితే తిట్టుకుంటాం, ఇంటికొస్తాం.

ఈ సంక్రాంతికి మరిదికి పంపిన జాబితా ఇది: టేపు రెండు చుట్టలు, బాటిల్ స్టాండు ఒకటి, మా నాయన షాపుకి బెల్లులు పన్నెండు. "కార్బన్ ఏం వద్దా వదినా, ఆఫర్‌లో ఉంది" అని మెసేజ్ పెట్టాడు. ఆ గీత పడ్డ హ్యాండిల్ ఫొటో తీసి పంపాను.