మొదటి ఓడ కిట్: డబ్బా మీద బొమ్మ చూసి కొనకండి

ఓడ మోడల్ కట్టాలని సరదా పుట్టిన ప్రతివాడూ ముందు వెతికేది విక్టరీ అనే బ్రిటిష్ యుద్ధనౌక కిట్టే. 1765లో నీళ్ళలోకి దిగిన ఓడ, 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ ఉన్న ఓడ, ఇప్పటికీ పోర్ట్‌స్మత్‌లో ఉంది, ఫొటో చూస్తే కళ్ళు తిప్పుకోలేం, అంతా నిజమే. కానీ దానికి వంద పైచిలుకు ఫిరంగులండి బాబూ. కిట్‌ని బట్టి కొన్నింటికి మూతి ఒక్కటి అతికిస్తే సరిపోతుంది, మిగతావాటికి ఒక్కోదానికీ బండి, బండికి నాలుగు చక్రాలు, తాళ్ళు, కప్పీలు అన్నీ మనమే చెయ్యాలి. ఇంక తెరచాప కొయ్య ఎక్కడానికి తాళ్ళ నిచ్చెనలుంటాయి చూశారూ, వాటిలో అడ్డతాడు నిలువుతాడుని దాటే ప్రతిచోటా ఓ ముడి, అలా వేలల్లో వెయ్యాలి. మొదటి ముడి సరదాగానే ఉంటుంది. తర్వాత తర్వాత ఆ డబ్బా అటకెక్కుతుంది.

అంచేత మొదటి కిట్‌కి నేను చూసేది ఒక్కటే, అది పూర్తవుతుందా లేదా. అందం, పేరు, పొడవు ఇవన్నీ రెండో కిట్ దగ్గర చూస్కోవచ్చు. పూర్తవుతుందో లేదో ముందే ఎలా తెలుస్తుంది అంటారా, బాడీ ఎలా కట్టాలో, తాళ్ళ పని ఎంతుందో, ఇన్‌స్ట్రక్షన్ బుక్కు ఎలా ఉందో చూస్తే చాలావరకు తెలిసిపోద్ది.

ముందు ప్లాస్టిక్కా చెక్కా అన్నది తేల్చుకోండి, ఎందుకంటే రెండూ వేరే వేరే హాబీలు అనుకోవచ్చు. ప్లాస్టిక్ అయితే బాడీ అచ్చుపోసి వచ్చేస్తుంది, మనం కట్ చేసి, అతికించి, రంగులేస్తాం, అంటే అసలు పనితనం అంతా పెయింటింగ్‌లో ఉంటుంది. యుద్ధనౌకలు, టైటానిక్ లాంటి స్టీమర్లు ఇష్టమైతే ఇదే దారి. రెవెల్ అనే కిట్ల కంపెనీ తన డబ్బాల మీద 1 నుంచి 5 దాకా లెవెల్ వేస్తాడు, మొదటిసారికి 3 దాటొద్దు. ఇక్కడ స్కేల్ చూస్కోవాలి, 1:700 అంటే అసలు ఓడలో 700వ వంతు అన్నమాట. 1971లో టమియా, హసెగావా లాంటి జపాన్ కంపెనీలు కలిసి మొదలెట్టిన 1:700 వాటర్‌లైన్ సిరీస్ (నీళ్ళ పైన కనపడే భాగం వరకే కట్టేవి) చాలా పాపులర్, చోటు తక్కువ పడుతుంది, 269 మీటర్ల టైటానిక్ కూడా 38 సెంటీమీటర్లకి వచ్చేస్తుంది. అయితే ఆ స్కేల్‌లో మీటరు ఎత్తు రెయిలింగ్ ఒకటిన్నర మిల్లీమీటరు కూడా ఉండదు, నలభై దాటిన కళ్ళకి అది శిక్ష. అదే ఓడ 1:350లో 77 సెంటీమీటర్లు, పార్ట్‌లు చేతికి అందుతాయిగానీ టీవీ స్టాండ్ ఖాళీ చెయ్యాలి, ఇంట్లో పర్మిషన్ తీస్కోవాలి. ఫొటో ఎచ్ అని రెయిలింగ్ లాంటి సన్నటి పార్ట్‌లకి ఇత్తడి రేకుల సెట్లు విడిగా అమ్ముతారు, మొదటి మోడల్‌కి వాటి జోలికి పోవద్దు.

ఇక చెక్క కిట్లు. నాకు వీటి మీదే మోజు కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను.

చెక్క కిట్‌లో బాడీ మనమే కడతాం. ఎక్కువ కిట్లలో మధ్యలో వెన్నెముక లాగా ఓ పొడవాటి ప్లైవుడ్ ముక్క, దానికి అడ్డంగా లేజర్‌తో కోసిన ఫ్రేములు గుచ్చుతాం, వాటిమీద సన్నటి చెక్క పట్టీలు ఒక్కోటీ వంచి అతికిస్తాం. ఇది బుక్కులో చదివితే అర్థం కాదండి. కాకినాడ ఏటిమొగ వైపో తాళ్ళరేవు వైపో బోట్లు కట్టేచోట ఓ పూట నిలబడి చూడండి, లేదంటే నర్సాపురం రేవులో పంటు కోసం వెయిట్ చేసేటప్పుడు పక్కన ఒడ్డుకి లాగిన నావలోకి తొంగి చూడండి. పలక మొన దగ్గరకి వచ్చేసరికి ఎలా సన్నబడుతుందో, ఎక్కడ వంపు తిరుగుతూ మెలిపడుతుందో ఒకసారి కళ్ళతో చూస్తే కిట్ ప్లాన్ సగం అర్థమైపోతుంది. కట్టే ఆయన్ని మర్యాదగా అడిగితే చెప్తారు కూడా, "ఏమండి మేస్త్రి గారూ, ఈ పలక ఇక్కడ ఎందుకు కోశారు" అంటే చాలు. ఈ సుఖం మన డెల్టా వాళ్ళకి ఉంది, ఎక్కడో ఫ్లాట్‌లో కూర్చుని మోడల్ కట్టేవాళ్ళకి లేదు. కోరంగిలో ఒకప్పుడు పెద్ద పెద్ద ఓడలకి రిపేర్లు చేసేవారు, 1839 తుఫాను ఉప్పెనకి ఆ రేవు దెబ్బతినిపోయింది, నర్సాపురం మాధవాయిపాలెం వైపైతే 17వ శతాబ్దంలోనే ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు ఓడపని చేయించుకునేవారు. అంటే ఈ పని ఈ నేలకి కొత్త కాదు.

కిట్ బొమ్మలో ముందు మొన చూడండి. కొలంబస్ ఓడ సాంటా మరియా లాంటి పాత ఓడలకి మొన గుండ్రంగా బొద్దుగా ఉంటుంది, అక్కడ పట్టీలు చటుక్కున తిరగాలి, కొత్తవాళ్ళకి అక్కడే విరుగుతాయి. మొన కోసుగా ఉండి, పక్కలు సాఫీగా సాగిపోయే స్కూనర్లు (ఓడ పొడుగునా తిరిగే చాపలున్నవి), పైలట్ బోట్లు (రేవుకి వచ్చే ఓడలకి దారి చూపేవాణ్ణి తీస్కెళ్ళేవి) చాలా నయం. తర్వాత ఫ్రేములు ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి, దగ్గరగా ఉంటే పట్టీ ఒంపు సరిగ్గా కూర్చుంటుంది, దూరంగా ఉంటే మధ్యలో లొట్టలు పడతాయి. డబుల్ ప్లాంకింగ్ (పట్టీలు రెండు పొరలు) అని రాసుంటే భయపడకండి, పని రెట్టింపు అనిపిస్తుందిగానీ కొత్తవాళ్ళకి అదే మంచిది, మొదటి పొర ఎంత ఎగుడుదిగుడుగా వచ్చినా పుట్టీ పెట్టి అరగదీసి, దానిమీద అర మిల్లీమీటరు మందం వాల్‌నట్ పొర వేస్తే అన్నీ కప్పబడిపోతాయి. సింగిల్ ప్లాంకింగ్‌లో ఆ దాపరికం ఉండదు.

తెరచాప కొయ్య ఒక్కటే ఉన్నది లేదా అసలు లేనిది తీస్కోండి. రెండున్నా పర్లేదు, కానీ అడ్డంగా కట్టే చదరపు చాపలు కాకుండా, మన నావ చాపలాగా ఓడ పొడుగునా తిరిగేవి అయితే తాళ్ళు బాగా తగ్గిపోతాయి.

ఇంతకీ ఏ కిట్ అంటారా. మొహమాటం లేకుండా చెప్తే మోడల్ షిప్‌వేస్ వాళ్ళ డోరీ. 1:24 స్కేల్, కట్టాక అడుగు లోపే. డోరీ అంటే అట్లాంటిక్‌లో కాడ్ చేపల వేటకి స్కూనర్ల మీద ఒకదాంట్లో ఒకటి దొంతర పెట్టి తీస్కెళ్ళిన చిన్న తెడ్ల పడవ. అడుగు బల్లపరుపు, పక్కకి నాలుగైదు పలకలే, ఫిరంగుల్లేవు, తాళ్ళు లేవు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం ఏమ్స్‌బరీలో 1793లో పెట్టిన లోవెల్ బోట్ షాప్ పేరే ఈ కిట్‌కి పెట్టారు. ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి, మన నావలకి పలకలు అంచుకి అంచు చేర్చి బిగిస్తారు, డోరీకి పై పలక కింద పలక మీదకి కొంచెం ఎక్కుతుంది. అదే కంపెనీ దీని తర్వాత కట్టడానికి నార్వే ప్రామ్ అని ఓ చిన్న పడవ, లాబ్‌స్టర్ స్మాక్ అని రొయ్య జాతి లాబ్‌స్టర్లు పట్టే పడవ ఒకటి అమ్ముతుంది, మూడూ కలిపి ఓ వరస, ఒకదాని కంటే ఒకటి కొంచెం కష్టం. తర్వాతి రెండింటికీ తెరచాప కూడా వస్తుంది. ఇంతమాత్రం పడవ షోకేస్‌లో ఏం కనపడుతుంది అంటారేమో, పడవలు తెలిసినవాళ్ళు మీ ఇంటికొస్తే విక్టరీ కంటే దీన్నే చేతిలోకి తీస్కుని చూస్తారు, చూడండి కావాలంటే.

లేదండీ మాకు ఓడ లాగే ఉండాలి అంటే స్పెయిన్ వాళ్ళ ఓక్రే కంపెనీ పొలారిస్, ఒకే కొయ్య, డబుల్ ప్లాంకింగ్, 1:50, కట్టే విధానం వీడియోలు కూడా పెట్టారు. ఆర్టెసానియా లాటినా స్విఫ్ట్ పైలట్ బోట్ కూడా 1:50, రెండు కొయ్యలు, మొన కోసుగా ఉంటుంది. వీటిలో ఏదైనా పర్లేదు. కొనేముందు ఆ కంపెనీ సైట్‌లోకెళ్ళి ఇన్‌స్ట్రక్షన్ పీడీఎఫ్ ఉంటే దించుకుని మొత్తం చదవండి, ఎక్కువమంది ఫ్రీగానే పెడతారు. ఒక్కో స్టెప్పుకీ ఫొటో ఉండి, చదువుతుంటే చేతులు దురదపెడితే కొనండి, మూడో పేజీలోనే అర్థంకాక వదిలేస్తే ఆ కిట్ వద్దు.

స్కేల్ గురించి ఇంకో మాట. 30 అడుగుల నావని 1:24లో కడితే 15 అంగుళాలొస్తుంది. మన నావకి కిట్ అమ్మకంలో నాకైతే కనపడలేదు, కానీ డోరీ కట్టాక టేపు పట్టుకెళ్ళి ఓ నావని కొలుచుకుని, అదే స్కేల్‌లో సొంతంగా కట్టుకునే ధైర్యం వస్తుంది, డోరీ చెప్పడానికి నాకున్న అసలు కారణం కూడా అదే.

కొనేచోట జాగ్రత్త. ప్రకటనలో కంపెనీ పేరు లేకుండా, ఓడ ఫొటో మాత్రం అదిరిపోయేలా ఉండి, ధర సగానికి సగం ఉంటే అది ఎవరిదో కిట్‌ని కాపీ కొట్టింది అయ్యుండొచ్చు, చెక్క నాసిరకం, పార్ట్ పోతే అడగడానికి దిక్కుండదు. అసలు కంపెనీలైతే తగ్గిన పార్ట్‌కి మెయిల్ పెడితే మళ్ళీ పంపే ఏర్పాటు ఉంటుంది. బయటి దేశం నుంచి తెప్పించుకుంటే కిట్ ధర ఒక్కటే లెక్కేసుకోకండి, షిప్పింగ్, కస్టమ్స్ డ్యూటీ, దానిమీద జీఎస్టీ, కొరియర్ వాడి చార్జీ, ఇవన్నీ కలిపితే గుండె ఝల్లుమంటుంది, ఆర్డర్ కొట్టేముందే ఇప్పుడు నడుస్తున్న డ్యూటీ ఎంతో చూస్కోండి. ముందు మన దేశంలో స్టాక్ పెట్టి అమ్మేవాళ్ళని అడగడం బెస్ట్.

పనిముట్లకి ఎక్కువ ఖర్చు పెట్టొద్దు. మంచి పదునున్న కత్తి, విడి బ్లేడ్లు, స్టీలు స్కేలు, చిన్న ఆకురాళ్ళు, 120, 220, 400 నంబర్ల ఉప్పుకాగితం, ట్వీజర్, గుండుసూదులు, బట్టల క్లిప్పులు ఓ రెండు డజన్లు. జిగురుకి ఫెవికాల్ చాలు. ఫెవిక్విక్ దగ్గర ఉంచుకోండిగానీ మన దగ్గర జాగ్రత్తగా వాడాలి, అది గాల్లో తేమకే గట్టిపడుతుంది కాబట్టి ఉక్కపోత రోజుల్లో ఇంకా తొందరగా పట్టేస్తుంది, పైగా చుట్టూ తెల్లటి మచ్చ కడుతుంది, ఆ ఆవిరి కళ్ళకీ ముక్కుకీ మంచిది కాదు, కిటికీ తెరిచి పెట్టుకోండి. ఫెవికాల్ మాత్రం వానాకాలంలో ఆరడానికి టైం తీస్కుంటుంది, క్లిప్పులు రాత్రంతా వదిలెయ్యండి.

తేమ సంగతి ఏ బుక్కులోనూ మన లెక్కన రాయరు. చెక్క తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. వానల్లో పట్టీలు అతికిస్తే మాఘమాసానికి సందులు కనపడతాయి. అందుకని పట్టీలు సిలికా జెల్ పొట్లంతో జిప్ కవర్లో పెట్టండి, వంచడానికి నానబెట్టిన పట్టీని పూర్తిగా ఆరాకే అతికించండి, బాడీ పూర్తయ్యాక లోపలా బయటా రెండువైపులా వార్నిష్ కొట్టండి, ఒక్క బయటే కొడితే లోపల్నుంచి తేమ లాగుతుంది. లంక ఊళ్ళ వాళ్ళైతే ఆగస్టులో కిట్‌ని కింద బీరువాలో పెట్టకండి, వరద రాకపోయినా చెదలొస్తాయి.

కిట్ ఇంటికొచ్చాక మొదటిరోజు జిగురు ముట్టుకోకండి. పార్ట్‌ల లిస్టు పెట్టుకుని ఒక్కోటీ లెక్క చూస్కోండి, లేజర్ షీట్ల మీద నంబర్లు లేకపోతే పెన్సిల్‌తో రాసుకోండి, వెన్నెముక ముక్కని అద్దం మీద పెట్టి వంకర ఉందేమో చూడండి. వంకరుంటే ఫొటో తీసి కంపెనీకి అప్పుడే పంపండి, ఫ్రేములు అతికించేశాక పంపితే ఎవడూ మార్చడు.