పొలం కెమెరా సంరక్షణ, నాలుగో పాఠం: పగలు బాగానే ఉంది, రాత్రికి ఏమైంది?

పోయిన పాఠంలో అద్దం తుడవడం నేర్చుకున్నాం. ముందు దుమ్ము ఊదేసి ఆ తర్వాతే మెత్తటి గుడ్డ పెట్టాలని చెప్పాను, లేకపోతే ఇసుక రేణువులతో మనమే అద్దాన్ని గీకేసినట్టవుతుంది. తుడిచాక పగటి బొమ్మ శుభ్రంగా వచ్చి ఉంటుంది, సంతోషం. ఇప్పుడు రికార్డింగ్ తెరిచి నిన్న రాత్రి రెండు గంటలప్పటి బొమ్మ చూడండి. లైవ్ కాదు, రికార్డింగే చూడాలి. పొలం కెమెరాల తిప్పలు ఎక్కువగా చీకటి పడ్డాకే మొదలవుతాయి, మనమేమో పగలు ఫోన్లో ఒక్కసారి చూసేసి అంతా బాగానే ఉందనుకుని ఊరుకుంటాం.

ముందు అన్నిటికంటే ఎక్కువ సతాయించేది చూద్దాం. పగలంతా పనిచేసిన కెమెరా చీకటి పడగానే ఆగుతుంది, మళ్లీ వస్తుంది, మళ్లీ ఆగుతుంది. కింద నిలబడి చెవి పెడితే నిమిషానికోసారి 'టిక్' మని చిన్న శబ్దం కూడా వినపడుతుంది. అది లెన్స్ వెనక పగటి ఫిల్టర్ పక్కకి జరిగే చప్పుడు. నేను మొదటిసారి దీన్ని చూసినప్పుడు కెమెరానే పోయిందనుకుని కొత్తది బిగించాను, అదీ సరిగ్గా అలాగే చేసింది! తప్పు కెమెరాది కాదు, వైరుది.

లెక్క చూడండి. అడాప్టర్ మోటారు షెడ్డులో, కెమెరా గేటు దగ్గర, మధ్యలో 60 మీటర్ల సన్న వైరు, 0.5 స్క్వేర్ ఎంఎం అనుకుందాం. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి, కాబట్టి మొత్తం 120 మీటర్ల రాగి. దాని రెసిస్టెన్స్ సుమారు 4.2 ఓమ్‌లు. పగలు కెమెరా 0.3 ఆంపియర్లు తీసుకుంటే వైరులోనే 1.26 వోల్టులు పోయి, అడాప్టర్ ఇచ్చే 12లో కెమెరాకి 10.7 దాకా చేరుతుంది, కెమెరా సర్దుకుంటుంది. రాత్రి ఐఆర్ లైట్లు (చీకట్లో కెమెరాకి చూపునిచ్చే ఇన్‌ఫ్రారెడ్ దీపాలు) వెలిగి 0.7 ఆంపియర్లు లాగిందంటే వైరు మింగేది 2.9 వోల్టులు, కెమెరాకి దక్కేది 9.1. పైగా వోల్టేజి తగ్గేకొద్దీ చాలా కెమెరాలు అదే పని చేయడానికి ఇంకాస్త ఎక్కువ కరెంటు లాగుతాయి, దాంతో వోల్టేజి ఇంకా పడుతుంది. చివరికి కెమెరా ఆగిపోతుంది, ఐఆర్ ఆరుతుంది, వోల్టేజి లేస్తుంది, కెమెరా మళ్లీ మొదలై ఐఆర్ వెలిగించుకుంటుంది. తెల్లారేదాకా ఇదే ఆట.

పట్టుకోవడం చాలా తేలిక. మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టి, కెమెరా చివర, కెమెరా తగిలించి ఉండగానే కొలవండి. కెమెరా తీసేసి కొలిస్తే వైరులో కరెంటే పారదు, దర్జాగా 12 చూపిస్తుంది, చాలామంది మోసపోయేది ఇక్కడే. రాత్రిదాకా ఆగే ఓపిక లేకపోతే సెట్టింగుల్లో నైట్ మోడ్‌ని బలవంతంగా ఆన్ చేసి కొలవండి. వచ్చిన అంకెని కెమెరా స్పెసిఫికేషన్‌తో పోల్చుకోండి, 12 వోల్టులకి అటూ ఇటూ 10 శాతమనో 25 శాతమనో అందులో ఉంటుంది.

మందు: 1.5 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తే నష్టం మూడో వంతుకి దిగుతుంది. లేదా షెడ్డు నుంచి 24 వోల్టులు పంపి కెమెరా దగ్గర బక్ కన్వర్టర్‌తో 12కి దించుకోండి. ఐపీ కెమెరా, అంటే నెట్‌వర్క్ కేబుల్‌తో పనిచేసేది అయితే పీఓఈ (ఆ కేబుల్లోనే కరెంటు కూడా పంపే పద్ధతి) మేలు, దాదాపు 48 వోల్టులు వెళ్తాయి కాబట్టి 100 మీటర్ల దాకా బెంగ ఉండదు. కేబుల్ మాత్రం అచ్చమైన రాగిదే కొనండి. తీగని బ్లేడుతో గీకితే లోపల తెల్లగా మెరిసిందా, అది రాగి పూత పూసిన అల్యూమినియం, షాపువాడు ఎంత ఒట్టేసినా సరే.

రెండోది సాలెగూడు. నవ్వకండి, రాత్రంతా ఫోన్‌కి అలర్ట్‌లు కొట్టించి నిద్ర చెడగొట్టేది ఇదే. కెమెరా వెచ్చగా ఉంటుంది, పైన చిన్న గొడుగుంటుంది, సాలీడుకి ఇంకేం కావాలి? పగలు ఆ పోగు కంటికి ఆనదు. రాత్రి ఐఆర్ దానిమీద పడి తెల్లటి తాడులా మెరుస్తుంది, గాలికి ఊగినప్పుడల్లా ఎవరో కదిలారని కెమెరా భ్రమపడుతుంది. పొడుగు కర్రకి మెత్తటి బ్రష్ కట్టి వారానికోసారి దులపండి. పురుగుమందు స్ప్రే అద్దంమీద కొట్టొద్దు, ప్లాస్టిక్ మసకబారే ప్రమాదముంది. మరీ విసిగిస్తుంటే కెమెరా సొంత ఐఆర్ ఆపేసి, మీటరో రెండు మీటర్లో పక్కన విడిగా ఐఆర్ లైటు పెట్టండి. అద్దం ముందున్న పోగుమీద వెలుగు నేరుగా పడదు, దుమ్ము, వాన చినుకుల మెరుపు కూడా తగ్గుతుంది.

ఇలాంటిదే ఇంకోటి, పైరు. బిగించిన రోజున మోకాలెత్తు ఉన్న మొక్కజొన్న రెండు నెలల్లో కెమెరా ముందుకొచ్చేస్తుంది. దగ్గర ఆకుమీద ఐఆర్ పడి తళతళలాడితే కెమెరా మొత్తం బొమ్మ వెలుగు తగ్గించుకుంటుంది, వెనకున్న గేటు చీకట్లో కలిసిపోతుంది. ఒక్క ఆకు తుంచినా చాలు.

తెల్లవారుజామున మాత్రమే బొమ్మ మసకగా ఉండి, ఎండెక్కాక తేటపడితే లోపల తేమ చేరినట్టే. ఎండగా ఉన్న పొడి మధ్యాహ్నం విప్పి, రబ్బరు సీలు చూసి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం కొత్తది పెట్టి మూసేయండి.

ఈ వారం పని: ప్రతి కెమెరా దగ్గరా పగటి వోల్టేజి, రాత్రి వోల్టేజి కొలిచి, తేదీతో సహా టేపు ముక్కమీద రాసి జంక్షన్ బాక్స్ మూత లోపలివైపు అంటించండి. వచ్చే పాఠం సోలార్ కెమెరాల బ్యాటరీ గురించి, అప్పుడు ఈ అంకెలతో పనుంది.