గద్దల పాఠం – 3: ముందు తోక చూడండి, రంగు తర్వాత

పోయినసారి ఇచ్చిన పని చిన్నదే. ఉదయం తొమ్మిదికీ పదకొండుకీ మధ్య డాబా ఎక్కి, ఒక గద్ద రెక్క ఆడించకుండా ఎంతసేపు తిరుగుతుందో ఫోన్‌లో టైమ్ పెట్టి చూడమన్నాను. ఏడింటికే ఎక్కినవాళ్ళకి నిరాశే మిగిలి ఉంటుంది. ఆ వేళకి అవి సెల్ టవర్ మీదో కొబ్బరి మట్ట మీదో ముడుచుకుని కూర్చుంటాయి. అది బద్ధకం కాదు. నేల కాగాలి, దాని మీది గాలి వేడెక్కి పైకి లేవాలి. అప్పుడుగానీ వాటి లిఫ్టు పనిచేయదు. బెజవాడలో ఆ లిఫ్టులకి కొదవ లేదు. ఇంద్రకీలాద్రి బండలు, ప్రకాశం బ్యారేజీ దిగువన ఇసుక మేటలు, మన కాంక్రీటు డాబాలు, అన్నీ పొయ్యిలే. పైకి లేచే గాలిని వదలకుండా ఉండాలంటే దాని లోపలే సుడి తిరగాలి. గద్ద గుండ్రంగా తిరిగేది అందుకే, మనల్ని చూడటానికి కాదు.

ఇక ఈ పాఠం సంగతి. మనకి ఆకాశంలో పెద్ద పిట్ట ఏది కనిపించినా గద్దే. పేపర్లో ఒకచోట గద్ద అని, ఇంకోచోట డేగ అని, మరోచోట గరుడ పక్షి అని రాస్తారు. మూడూ ఒకటేనన్నట్టు చదువుకుని పోతాం. కాదు. ఈ పాఠం అయ్యేసరికి కృష్ణ ఒడ్డున నిలబడి కనీసం మూడింటిని విడివిడిగా చెప్పగలగాలి మీరు. బైనాక్యులర్ ఉంటే మంచిదే, లేకపోయినా ఫర్వాలేదు. ఈ పాఠంలో సగం కళ్ళతోనే సాగుతుంది.

మొదట సైజుని నమ్మడం మానేయండి. ఖాళీ ఆకాశంలో పక్కన ఏమీ లేకుండా ఎగిరే పిట్ట ఎంత ఉందో చెప్పడం ఎవరివల్లా కాదు. అందుకే కాకిని వాడుకుంటాం. గద్ద ఎక్కడుంటే అక్కడికి కాకి వచ్చి తరమడం ఖాయం. మన ఊరి కాకి ముక్కు నుంచి తోక దాకా సుమారు 40 సెంటీమీటర్లు. మామూలు గద్ద, అంటే నల్ల గద్ద, 60 దాకా ఉంటుంది, రెక్కలు చాపితే దాదాపు ఒకటిన్నర మీటరు. కాకి కన్నా చిన్నగా, పావురమంత ఉండి, కాలనీ చెట్ల మధ్య నుంచి దూసుకుపోయేది జాలె డేగ. దాని రెక్కలు పొట్టి, తోక పొడుగు. నాలుగైదుసార్లు టపటపా కొట్టి కాస్త జారుతుంది, మళ్ళీ కొడుతుంది. బల్లులు, తొండలు, పిచ్చుకలు దాని తిండి. దాన్ని ఈ పాఠంలో ఇంతటితో వదిలేస్తాను.

ఇప్పుడు తోక. మీ డాబా మీద రోజూ తిరిగే నల్ల గద్ద తోక చివర చీలి ఉంటుంది, చేప తోకలాగా. గాలిలో దాన్నే చూస్తూ ఉండండి. రెక్కలు కదలకపోయినా తోక మాత్రం ఊరికే ఉండదు. ఇటు మెలి తిరుగుతుంది, అటు మెలి తిరుగుతుంది. పడవ వెనక చుక్కాని తిప్పినట్టే అది. కరెంటు తీగల మధ్య నుంచి, డిష్ యాంటెనాల మధ్య నుంచి తగలకుండా దిగి, చేపల మార్కెట్ పక్కన పారేసిన పేగుముక్కని ఎత్తుకుపోతోందంటే ఆ చుక్కాని చలవే.

ఇక్కడ ఒక చిక్కుంది. గద్ద తోకని పూర్తిగా విప్పినప్పుడు ఆ చీలిక మాయమవుతుంది. చివర తిన్నగా, త్రికోణంలా కనిపిస్తుంది. అందుకని ఒక్క క్షణం చూసి తేల్చొద్దు. మలుపు తీసుకునేదాకా ఆగండి, తోక ముడుస్తుంది, చీలిక బయటపడుతుంది.

గరుడ పక్షి తోక అలా కాదు. విప్పినా ముడిచినా గుండ్రమే. పెద్దదైతే అసలు తికమకే లేదు. తలా మెడా రొమ్మూ తెలుపు, మిగతా ఒళ్ళంతా ఇటుక రంగు, రెక్కల చివర్లు నలుపు. గుడి మీద తిరిగితే మన పెద్దవాళ్ళు చెంపలు వేసుకునేది దీన్ని చూసే. టీవీలో అమెరికా వాళ్ళ తెల్లతల గద్దని చూసి, అదే మన ఘాట్ దగ్గర కనిపించిందని చెప్పేవాళ్ళున్నారు. ఆ పిట్ట ఉత్తర అమెరికా దాటి మన దాకా రాదు. ఘాట్ దగ్గరి తెల్లతల మన గరుడదే. సైజులో నల్ల గద్ద కన్నా కాస్త చిన్నది కూడా.

తికమకంతా పిల్ల గరుడతోనే. దానికి తెల్లతలా ఉండదు, ఇటుక రంగూ ఉండదు. ఒళ్ళంతా మట్టిరంగు. నేను పక్షులు చూడటం మొదలుపెట్టిన కొత్తలో భవానీ ద్వీపం వైపు నుంచి వచ్చిన అలాంటిదాన్ని ఫోటో తీసి, అది బంగారు డేగ అని మా అపార్ట్‌మెంట్ పిల్లలందరికీ చెప్పాను. ప్రింటు తీసి లిఫ్టు పక్కన అంటించాను కూడా. ఏడాది తర్వాత అదే ఫోటోని తీరిగ్గా చూస్తే తోక గుండ్రంగా నన్ను వెక్కిరిస్తూ కనిపించింది. రెక్క అడుగున, మణికట్టు దగ్గర, అంటే రెక్క మధ్యలో వంగే చోట, పాలిపోయిన మచ్చ కూడా ఉంది. మన దేశంలో బంగారు డేగ ఉండేది హిమాలయాల్లో. ఆ రోజు రంగు చూసి పేరు పెట్టేశాను, తోక చూడలేదు. ఈ పాఠానికి ఆ పేరు పెట్టింది అందుకే.

మూడోదాని కోసం చలికాలం రావాలి. పున్నమి ఘాట్ దగ్గర వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనని, "బాబాయ్, ఆ మెట్ల మీద తిరిగేది గరుడేనా?" అని అడిగాను. ఆయన తలెత్తకుండానే, "అది కాదు మాస్టారూ, అదిగో ఆ తెల్ల రొమ్ముది చూడండి. అది చలికి వస్తది, ఎండలకి పోతది. అది మునిగిందంటే ఖాళీగా లేవదు" అన్నాడు. ఆయన దానికి పేరేమీ చెప్పలేదు. మన పాత పక్షుల జాబితాల్లో దాన్ని కొరమీను గద్ద అన్నారు. హిమాలయాల్లోనూ, వాటికి ఉత్తరాన ఉన్న దేశాల్లోనూ గూళ్ళు పెట్టి, చలికాలానికి మన నదులకీ చెరువులకీ దిగివస్తుంది.

కింద నుంచి చూస్తే పొట్ట తెల్లగా ఉంటుంది. కంటి మీదుగా మెడ దాకా కాటుక పూసినట్టు ముదురు గీత ఉంటుంది. రెక్కలు సన్నగా, పొడుగ్గా, మణికట్టు దగ్గర విరిగినట్టు వంగి ఉంటాయి. నీళ్ళ మీద ఒకచోట రెక్కలు కొట్టుకుంటూ ఆగుతుంది. తర్వాత కాళ్ళు ముందుకి చాపి, ధబ్బున పడుతుంది. గరుడ అలా మునగదు, నీటి మీద తేలినదాన్ని, చచ్చినదాన్ని కూడా, దొరకబుచ్చుకుని పోతుంది. కొరమీను గద్ద చేపతో లేచి, తడి కుక్కలా ఒళ్ళు దులుపుకుంటుంది. అప్పుడు దాని కాళ్ళ వైపు చూడండి. చేపని అడ్డంగా పట్టుకోదు. తల ముందుకీ తోక వెనక్కీ ఉండేలా సర్దుకుంటుంది, గాలి తక్కువ అడ్డుతగిలేలా. మామూలుగా గద్దలకి మూడు వేళ్ళు ముందుకి, ఒకటి వెనక్కి ఉంటాయి. దీనికి బయటి వేలు వెనక్కి కూడా తిరుగుతుంది. రెండు ముందు, రెండు వెనక అయ్యేసరికి జారే చేప పట్టకారులో పడినట్టే. అరికాళ్ళ నిండా ముళ్ళలాంటి గరుకు కూడా ఉంటుంది.

కాళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. కోడిపిల్లని గద్ద "తన్నుకుపోయింది" అంటాం. పొడుచుకుపోయింది అనం, కరుచుకుపోయింది అనీ అనం. ఆ మాట పుట్టించినవాళ్ళు ఎవరోగానీ బాగా చూసినవాళ్ళే. ఈ జాతి మొత్తానికి ఆయుధం కాలు. ముక్కు, భోజనానికి కత్తిపీట లాంటిది. చంపడం గోళ్ళ పని, కోయడం ముక్కు పని. పట్టు బిగించాక కాలి వేళ్ళని లాగే తాళ్ళలాంటి స్నాయువుల మీది గరుకులు వాటి తొడుగు గాడుల్లో ఇరుక్కుని తాళం పడిపోతాయి. అప్పుడిక కండరాలు అలసిపోకుండానే పట్టు నిలబడుతుంది. నల్ల గద్ద కాళ్ళు వీటిలో కాస్త బలహీనమైనవి. అందుకే అది కుందేళ్ళ జోలికి పోదు, మన చెత్త దగ్గరికి వస్తుంది. పిడికెడు ముక్క దొరికితే గాలిలోనే కాలు ముందుకి తెచ్చి, వంగి కొరుక్కుంటూ పోతుంది. ఎగురుతూ తినే ఆ పని మీ డాబా మీద నుంచే చూడొచ్చు. మా ఎదురింటి వాటర్ ట్యాంకు మీద ఒకటి రోజూ భోజనం అయ్యాక ముక్కుని సిమెంటు అంచుకి ఒకసారి ఈ వైపు, ఒకసారి ఆ వైపు రుద్దుకుంటుంది, మనం కత్తి సానపట్టినట్టు.

ఆ రుద్దుడు చూసినవాళ్ళకి ఫోన్లలో తిరిగే ఒక కథ గుర్తుకు రావాలి. గద్దకి నలభై ఏళ్ళు వచ్చేసరికి ముక్కు వంగిపోతుందట, కొండెక్కి రాతికి కొట్టి ముక్కు ఊడగొట్టుకుంటుందట, కొత్త ముక్కు వచ్చేదాకా అయిదు నెలలు ఆగి, తర్వాత గోళ్ళూ ఈకలూ పీకేసుకుని ఇంకో ముప్పై ఏళ్ళు బతుకుతుందట. దీన్ని వేదికల మీద కూడా చెబుతున్నారు. ఒక్క ముక్కా నిజం కాదు. గద్ద ముక్కు లోపల ఎముక ఉంది. పైపొర మన గోరులాంటిది, జీవితమంతా పెరుగుతూనే ఉంటుంది, రుద్దుకున్నకొద్దీ అరుగుతూనే ఉంటుంది. ముక్కు ఊడిన పిట్ట అయిదు నెలలు కాదు, కొన్ని రోజుల్లోనే ఆకలికి పోతుంది. వయసు సంగతి చూస్తే, అమెరికాలో 1977లో కాలికి రింగు వేసిన తెల్లతల గద్ద ఒకటి 2015లో కారు గుద్ది చనిపోయింది. దానికి అప్పుడు 38 ఏళ్ళు, అడవిలో బతికినవాటిలో అది రికార్డు అని ఘనంగా రాశారు. నలభై దాటి రెండో జీవితం మొదలుపెట్టేది ఎక్కడుంది మరి?

కంటి గురించి కూడా ఇలాగే పెంచి చెబుతారు, మనకన్నా ఎనిమిది రెట్లు అని. కొలిచి చూసిన పెద్ద గద్దల్లో అది రెండు మూడు రెట్ల దగ్గరే ఉంది. అదే చాలు వాటికి. అసలు విశేషం ఇంకోటి. బాగా స్పష్టంగా కనిపించే చోటు మన కంటిలో ఒకటే, వాటి ఒక్కో కంటిలో రెండేసి ఉంటాయి. కానీ కన్ను గుంతలో బిగించినట్టు ఉంటుంది, మనలా ఓరగా చూడలేదు. అందుకే గాలిలో తిరిగే గద్ద తల మాత్రం అటూ ఇటూ తిప్పుతూనే ఉంటుంది. బైనాక్యులర్ ఉన్నవాళ్ళు ఇది తప్పకుండా చూడండి.

పేర్ల గురించి ఒక మాట చెప్పి పనిలోకి వెళ్దాం. నల్ల గద్ద, గరుడ, జాలె డేగ, పాముల గద్ద, చివరికి మన రాబందు కూడా ఒకే కుటుంబం. కొరమీను గద్దది పక్క కుటుంబం. కోసు రెక్కల సాళువ మాత్రం, అదే వెనకటి రాజులు వేటకి పెంచిన పిట్ట, చూడటానికి వీటి తమ్ముడిలా ఉన్నా చుట్టరికం వేరే వైపు. జన్యువులు పోల్చిన 2008 నాటి పెద్ద అధ్యయనంలో అది చిలకలకి దగ్గర చుట్టమని తేలింది. నాకైతే ఇప్పటికీ ఇది నమ్మబుద్ధి కాదు, కానీ నిజం.

ఇక మీ పని. ఒక ఆదివారం పొద్దున్నే తొమ్మిదిన్నరకి ఏదో ఒక ఘాట్ దగ్గర గంటసేపు కూర్చోండి. బ్యారేజీ మీద బండి ఆపి చూద్దామనుకోకండి, ట్రాఫిక్‌కి అడ్డం. గుంటూరు వైపు వాళ్ళకి సీతానగరం ఒడ్డు దగ్గర. కనిపించిన ప్రతి పిట్టకీ నోట్‌బుక్‌లో మూడు ముక్కలు రాయండి. తోక చీలిందా, గుండ్రమా? రెక్క తిన్నగా ఉందా, విరిగినట్టు ఉందా? కాళ్ళలో ఏదైనా ఉందా, ఉంటే ఎలా పట్టుకుంది? రంగు రాయొద్దు. పేరు అసలే రాయొద్దు, ఇంటికి వచ్చాక ఈ పాఠం పక్కన పెట్టుకుని రాసుకోండి. తోక సరిగ్గా కనపడకపోతే "కనపడలేదు" అని రాయండి. నా నోట్‌బుక్‌లో సగం పేజీలు అవే.

ఇంకొకటి. చలికాలంలో నల్ల గద్దలు గూళ్ళు కడతాయి. కాళ్ళలో చేపో పేగో కాకుండా ఎండుపుల్ల, గుడ్డపీలిక, ప్లాస్టిక్ కవరు ముక్క పట్టుకుపోతున్న గద్ద కనిపిస్తే ఘాట్ వదిలేసి దాని వెంట చూపు పోనివ్వండి. ఏ వీధిలో ఏ చెట్టు మీద దిగిందో రాసుకోండి. నాలుగో పాఠం ఆ చెట్టు కిందే.