యాప్‌లో ట్యాంకు ఫుల్, కుళాయిలో చుక్క లేదు: అపార్ట్‌మెంట్ ఆటోమేషన్ సమస్యలు – పరిష్కారాలు

హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఈమధ్య కట్టిన ఏ పెద్ద అపార్ట్‌మెంట్ చూసినా మోటారు దానంతటదే ఆన్ అవుతుంది, మెట్ల మీద లైట్లు మనిషిని చూసి వెలుగుతాయి, కారు రాగానే గేటు లేస్తుంది. బిల్డర్ అప్పగించి వెళ్లాక ఏడాదికో రెండేళ్లకో ఇవన్నీ ఒక్కొక్కటిగా మొరాయిస్తాయి. వెండర్‌కి ఫోన్ చేస్తే "బోర్డు మార్చాలండి" అంటాడు. చాలాసార్లు తప్పు బోర్డులో ఉండదు. నీళ్లలోనో, ఎండలోనో, వదులైన వైరులోనో ఉంటుంది. అందుకే ఫోన్ చేసేముందు కింద చెప్పినవి చూసుకోండి.

యాప్‌లో ట్యాంకు నిండుగా చూపిస్తోంది, పైన నీళ్లు లేవు

ముందు వాచ్‌మన్‌ని పైకి పంపి మూత తీసి చూడమనండి. నిజంగానే ఖాళీగా ఉంటే అనుమానం సెన్సర్ మీదే. ట్యాంకులో స్టీలు కడ్డీలు వేలాడే రకమైతే బోరు నీళ్ల తెల్లటి ఉప్పు వాటికి పేరుకుపోతుంది. కడ్డీలను పట్టి ఉంచే బిళ్ల మీద ఆ ఉప్పు తడిగా ఉంటే కరెంటు అందులోంచే పాకుతుంది. దాంతో మోటారును వేసి ఆపే కంట్రోలర్ నీళ్లు ఉన్నాయనుకుని మోటారు వేయదు. అదే ఉప్పు కడ్డీ చుట్టూ మందంగా ఎండిపోతే కథ తిరగబడుతుంది. నీళ్లు తగిలినా తెలియదు, మోటారు ఆగదు, ట్యాంకు పొర్లి మెట్ల దాకా వస్తుంది.

పరిష్కారం: మోటారు ఎంసీబీ, కంట్రోలర్ రెండూ ఆపి, కడ్డీలు బయటికి తీసి అరగంట వెనిగర్‌లో నానబెట్టి బ్రష్‌తో రుద్దండి. మూత కింద బిగించి, శబ్ద తరంగాలతో నీటి మట్టం కొలిచే అల్ట్రాసోనిక్ రకమైతే దాని ముఖం మీద ఆవిరి చుక్కలు పట్టాయేమో తుడవండి. ఇందులో చాలా రకాలు 20–25 సెంటీమీటర్ల కంటే దగ్గరికి వచ్చిన నీటిని సరిగ్గా కొలవలేవు. కాబట్టి సెన్సర్‌ని ఒక పైపు ముక్క మీద ఎత్తులో బిగించాలి, లేదా మోటారు ఆగే మట్టాన్ని తగ్గించాలి. ఎంత ఖరీదైన కంట్రోలర్ ఉన్నా ట్యాంకు అంచున మామూలు ఫ్లోట్ స్విచ్ ఒకటి అదనంగా ఉండాల్సిందేనంటాను.

సెన్సర్ బాగానే ఉండి మోటారు మాత్రం వేయకపోతే సంపు చూడండి. సంపులో నీళ్లు తగ్గినప్పుడు మోటారు కాలిపోకుండా లాక్ అయిపోయే ఏర్పాటు కొన్నింటిలో ఉంటుంది. నీళ్లు వచ్చాక రీసెట్ బటన్ చేత్తో నొక్కితేగానీ వదలదు.

కరెంటు పోలేదు, జనరేటర్ యూనిట్లు మాత్రం పెరుగుతున్నాయి

గొడవలన్నింటిలోకీ పెద్ద గొడవ ఇదే, డబ్బుతో ముడిపడింది కాబట్టి. కాంప్లెక్స్ మొత్తానికి ఒకే హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ తీసుకుని, మామూలు కరెంటునీ జనరేటర్ కరెంటునీ వేర్వేరు ఖాతాల్లో లెక్కపెట్టే ప్రీపెయిడ్ డ్యూయల్ మీటర్ ఫ్లాట్‌కొకటి పెట్టిన చోట వస్తుంది. జనరేటర్ యూనిట్ రేటు మామూలు దానికంటే చాలా ఎక్కువ కాబట్టి రీఛార్జ్ ఇట్టే కరిగిపోతుంది.

ఈ మీటర్లలో చాలావాటికి వస్తున్న కరెంటు ఎక్కడిదో సొంతంగా తెలియదు. జనరేటర్ నడుస్తున్నప్పుడు ప్యానెల్ నుంచి ఒక సన్నటి సిగ్నల్ వైరులో వోల్టేజ్ వస్తుంది. అది ఉన్నంతసేపూ మీటరు యూనిట్లను జనరేటర్ ఖాతాలో రాసుకుంటుంది. ప్యానెల్‌లో ఆ సిగ్నల్ ఇచ్చే రిలే (దానంతటదే పడి లేచే చిన్న స్విచ్) అతుక్కుపోయిందంటే, జనరేటర్ ఆగి మామూలు కరెంటు వచ్చినా మీటరుకు సంగతి తెలియదు.

తేల్చుకోవడం సులువే. కరెంటు ఉన్నప్పుడు మీటరులోని రెండు రీడింగులూ ఫోటో తీసుకోండి. 2 కిలోవాట్ల గీజర్ పదిహేను నిమిషాలు వేయండి. దాదాపు అర యూనిట్ కాలాలి. అది ఏ ఖాతాలో చేరిందో చూడండి. జనరేటర్ ఖాతాలో చేరితే పక్క ఫ్లాట్లలోనూ ఇలాగే చూడమనండి. అందరికీ అలాగే ఉంటే తప్పు ప్యానెల్ దగ్గర, మీ ఒక్కరికే అయితే మీ మీటరులోనో దానికి వచ్చే వైరులోనో ఉంటుంది.

ప్యానెల్ పని ఎలక్ట్రీషియన్‌దే, మీరు చెయ్యి పెట్టొద్దు. మామూలు కరెంటు మీద ఉండగా సిగ్నల్ వైరులో వోల్టేజ్ ఉండకూడదు. పూర్తి వోల్టేజ్ ఉంటే రిలే మార్పించాలి. మల్టీమీటర్‌లో ఏ నలభయ్యో యాభయ్యో వోల్టులు చూపిస్తూ, టెస్ట్ ల్యాంప్ పెడితే మాత్రం వెలగకపోతే అది పక్కనే నడిచే పవర్ కేబుళ్ల ప్రభావం. కొన్ని మీటర్లు ఆ కాస్తకే మోసపోతాయి. అప్పుడు సిగ్నల్ వైరుని వేరే పైపులో దూరంగా లాగించాలి.

డబ్బు సంగతి: జనరేటర్ ప్యానెల్ మీద అది నడిచిన గంటలు చూపించే మీటరు ఉంటుంది. ఆ గంటల్ని ఫ్లాట్ల జనరేటర్ యూనిట్లతో రోజువారీగా పోల్చి అసోసియేషన్‌కి రాసివ్వండి. జనరేటర్ తిరగని రోజున జనరేటర్ యూనిట్లు పడ్డాయంటే ఇక వాదన అక్కర్లేదు.

మే నెలలో మెట్ల లైట్లు మనిషి వచ్చినా వెలగడం లేదు

మామూలు మోషన్ సెన్సర్ చూసేది కదలికను కాదు, వేడిలో తేడాని. ఒంటి వేడికి, చుట్టూ గోడల వేడికి తేడా లేకపోతే మనిషి దానికి ఆనడు. మన ఎండల్లో పై అంతస్తు మెట్లు సాయంత్రానికి కూడా కాగుతూనే ఉంటాయి. సెన్సిటివిటీ నాబ్ పెంచి చూడండి. మనిషి సెన్సర్‌కి ఎదురుగా రావడం కంటే అడ్డంగా దాటేటట్టు బిగిస్తే బాగా పట్టుకుంటుంది. మైక్రోవేవ్ రకానికి ఎండ సమస్య లేదు కానీ అది పల్చటి తలుపుల్లోంచి కూడా చూస్తుంది. ఇంట్లో ఎవరు నడిచినా కారిడార్ లైటు వెలుగుతుంటే రేంజ్ తగ్గించండి.

పట్టపగలు వీధి లైట్లు

కాంపౌండ్ లోపలివైతే టైమర్ గడియారం చూడండి. లోపలి బ్యాటరీ అయిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా టైము తప్పుతుంది. టైము సరిగ్గానే ఉంటే లైట్లను వేసి ఆపే పెద్ద స్విచ్ (కాంటాక్టర్) అతుక్కుని ఉండొచ్చు, లేదా రిపేరుకొచ్చినవాళ్లు టైమర్‌తో పనిలేకుండా డైరెక్ట్ చేసి మర్చిపోయి ఉండొచ్చు. 2015లో మొదలైన కేంద్ర పథకం కింద ఎల్ఈడీలు పెట్టిన ఊరి వీధుల్లో ఒక్కో కంట్రోల్ పెట్టె కింద వరసగా చాలా స్తంభాలు ఉంటాయి. అన్నీ పగలు వెలుగుతుంటే ఫిర్యాదులో స్తంభం నంబరుతోపాటు ఆ పెట్టె మీది నంబరూ రాయండి. పని త్వరగా అవుతుంది.

గేటు కొన్ని కార్లకే లేవడం లేదు

గేటు గుర్తుపట్టడానికి కారుకు అంటించే ట్యాగ్ మీద అనుమానం వద్దు, కారు ముందు అద్దం చూడండి. వేడిని ఆపే లోహపు పూత ఉన్న అద్దం నుంచి సిగ్నల్ సరిగ్గా దాటదు. ఆ ముందు అద్దం మీదే, వెనక వచ్చే బండ్లను చూసుకునే అద్దం దగ్గర, పూత లేని చుక్కల భాగం ఉంటుంది, అక్కడ అంటించండి. ఫాస్టాగ్ మీదకి ఎక్కేట్టు అంటిస్తే ఒకదాన్నొకటి చెడగొడతాయి. రెంటి మధ్య జానెడు ఎడం ఉంచండి.

రాత్రి కెమెరాలో అంతా తెల్లగా

కెమెరా ముందు సాలెగూడు ఉంది. రాత్రిపూట వెలిగే ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు ఆ దారాల మీద పడి తిరిగి లెన్స్‌లోకే వస్తుంది. పురుగులు చేరే చోట సాలీడు మళ్లీ కడుతుంది కాబట్టి బూజుకర్రతో వారానికోసారి దులపమనండి. ఆ పని చేస్తున్నప్పుడే రికార్డర్ తెర మీది తేదీ, టైము వాచ్‌మన్ ఫోన్‌తో పోల్చి చూడమనండి. తేడా ఉంటే రికార్డర్ లోపలి బిళ్ల బ్యాటరీ మార్పించి, నెట్ నుంచి టైము తీసుకునే సెట్టింగ్ ఆన్ చేయించండి.