స్పోర్ట్స్ కారుకి ట్రిమ్ సొంతంగా అతికించుకోవడం: ఊడకుండా, వంకర పోకుండా

నేను మొదటిసారి నా కారుకి సైడ్ స్కర్ట్ (డోర్ల కింద పొడవునా ఉండే అంచు) కింద వచ్చే నల్ల పట్టీలు అతికించినప్పుడు పని మొత్తం ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఇంత సులువా అనుకున్నాను. రెండోసారి కారు కడుగుతుంటే ప్రెషర్ వాషర్ నీళ్ల దెబ్బకి కుడివైపు పట్టీ సగం ఊడి వేలాడింది. టేపుని నాలుగు తిట్లు తిట్టి, ఊడిన ముక్క తిప్పి చూస్తే జిగురు కొత్తదానిలా మెరుస్తోంది, అంటే అది అసలు కారుకి అంటుకోనే లేదు, అంతకు రెండు వారాల ముందు నేను ముచ్చటపడి పూసిన వాక్స్‌కి అంటుకుంది. తప్పు టేపుది కాదు, నాదే. అదే పట్టీని మళ్లీ పెట్టడానికి ఒక మధ్యాహ్నమంతా పట్టింది. అందులో అతికించడం అనే ముక్క అయిదు నిమిషాలు కూడా లేదు, మిగతాదంతా తుడవడం, కొలవడం, దూరంగా నిలబడి చూడటం. ఆ పట్టీ ఇప్పటికీ కదల్లేదు.

ఇక్కడ చెప్పేదంతా రెండువైపులా జిగురుండే ఫోమ్ టేపుతో అతికే ట్రిమ్, అంటే కారు ఒంటి మీద అదనంగా పెట్టే అలంకారపు ముక్కల గురించి: డిక్కీ అంచు మీద పెట్టే చిన్న లిప్, సైడ్ పట్టీలు, ఫెండర్ (చక్రం పైన ఉండే ప్యానెల్) మీద అలంకారానికి పెట్టే గాలి రంధ్రాల్లాంటి వెంట్లు, అద్దాల కవర్లు, పేరు అక్షరాలు. గాలిని ఎదిరించి నిలబడే పెద్ద వింగ్, ముందు బంపర్ కింద బయటికి పొడుచుకొచ్చే స్ప్లిటర్ ఈ లెక్కలోకి రావు. గాలి తోపు వేగంతో సమానంగా పెరగదు, వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు అవుతుంది, అంటే 100 కిలోమీటర్ల దగ్గర బుద్ధిగా కూర్చున్నది 200 దగ్గర నాలుగు రెట్ల బలంతో లాగుతుంది. అలాంటివాటికి స్క్రూలు, బ్రాకెట్లు ఉండాల్సిందే. టేపు మీద నమ్మకంతో వదిలేస్తే అది ఊడి వెళ్లి తగిలేది వెనకాల వచ్చేవాడి అద్దానికి.

కొనేటప్పుడు ఏ మెటీరియలో చూసుకోండి. ముందు బంపర్ కింద నేలకి దగ్గరగా వచ్చేదైతే పాలీయురెథేన్ మంచిది, గీసుకున్నా వంగుతుంది కానీ విరగదు. ఏబీఎస్ ప్లాస్టిక్‌కి అంచులు పదునుగా వస్తాయి, పక్కలకీ పైకీ బాగుంటుంది. కార్బన్ ఫైబర్ అందం వేరు, అది నేనూ ఒప్పుకుంటాను, కానీ పైన ఉన్న పారదర్శకమైన పూతకి, అంటే క్లియర్ కోట్‌కి, ఎండని తట్టుకునే గుణం లేకపోతే కొన్నాళ్లకి పసుపు పచ్చగా తిరుగుతుంది. కార్బన్ ముక్కని అల్యూమినియం ప్యానెల్‌కి నేరుగా బిగించకూడదు కూడా. మధ్యలో తడి చేరితే అల్యూమినియం తినేసినట్టు అయిపోతుంది, అందుకే మధ్యలో ప్లాస్టిక్ వాషరో పలుచని ఫిల్మో పెట్టాలి.

డబ్బా విప్పగానే టేపు మీద కాగితం పీకకండి. ముక్కని ఉన్నది ఉన్నట్టు కారు మీద పెట్టి, తేలిగ్గా ఊడొచ్చే కాగితపు మాస్కింగ్ టేపుతో నిలబెట్టి చూడండి. ప్యాకింగ్‌లో వంగిపోయి వచ్చేవి చాలా ఉంటాయి. మధ్యలో నొక్కితే చివర్లు లేస్తున్నాయా, చివర్లు నొక్కితే మధ్యలో ఉబ్బుతోందా, ఇది చూడాలి. లేస్తుంటే "టేపు లాగి పట్టుకుంటుందిలే" అనుకోవద్దు. ఈ ఫోమ్ టేపు స్వభావం తెలిస్తే చాలా తప్పులు ఆగిపోతాయి: ఒక్కసారిగా గుంజితే గట్టిగా నిలబడుతుంది, కానీ రాత్రీపగలూ మెల్లగా గుంజుతూనే ఉంటే కొద్దికొద్దిగా లొంగిపోతుంది. వంగిన ముక్కని బలవంతంగా నొక్కి అతికిస్తే జరిగేది సరిగ్గా అదే. హెయిర్ డ్రయ్యర్‌తోనో, దూరంగా పట్టుకున్న హీట్ గన్‌తోనో వెచ్చచేసి, ఒంపుకి తగ్గట్టు వంచి, చల్లారేదాకా అలాగే పట్టుకోండి. ముక్క తనంతట తాను ఒంటికి ఆనుకుని కూర్చోవాలి. సందు ఎక్కువుందని టేపు మీద టేపు వేసి ఎత్తు పెంచేవాళ్లున్నారు, ఆ పని చేయొద్దు.

ఇక చోటు నిర్ణయించడం. నా రెండో తప్పు ఇక్కడే, నేల నుంచి ఎత్తు కొలిచాను. నేల కొంచెం వాలుగా ఉంది, ఒక టైర్లో గాలి తక్కువుంది, చివరికి ఎడమవైపు పట్టీ 4 మిల్లీమీటర్లు కిందికి వచ్చింది. 4 మిల్లీమీటర్లు ఎవరికి కనిపిస్తాయి అనుకుంటారు కదా, కారు వెనక నిలబడి చూస్తే అది తప్ప ఇంకేమీ కనిపించదు. కొలత ఎప్పుడూ ప్యానెల్ అంచు నుంచో, డోర్ సందు నుంచో, బాడీ మీద ఉన్న గీత నుంచో తీసుకోండి. రెండువైపులా మాస్కింగ్ టేపు అంటించి, దాని మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకోండి. ఆ తర్వాత నాలుగు మీటర్ల దూరం వెళ్లి, ముక్క ఎంత ఎత్తులో ఉంటే అంత ఎత్తుకి కిందికి కూర్చుని చూడండి, ఫోన్లో ఒక ఫోటో తీయండి. కంటికి అలవాటైపోయిన వంకర ఫోటోలో ఇట్టే దొరుకుతుంది. కొలతకీ కంటికీ తేడా వస్తే నేను కంటి మాటే వింటాను, ఎందుకంటే కారు ఎడమ కుడి భాగాలు కూడా మిల్లీమీటరు తేడా లేకుండా ఉండవు.

ముక్క అలా తాత్కాలికంగా ఉండగానే డోర్లు పూర్తిగా తెరవండి, డిక్కీ లేపండి, ఇంధనం పోసే మూత తీయండి, స్టీరింగ్ రెండువైపులా చివరిదాకా తిప్పి టైరు ఎక్కడా తగలడం లేదని చూడండి. డోరు అంచు ట్రిమ్‌కి గీసుకునేలా ఉంటే ఇప్పుడే తెలియాలి. సైడ్ స్కర్ట్ కింద జాకీ పెట్టే చోట్లు, నీళ్లు బయటికి పోయే చిన్న రంధ్రాలు ఉంటాయి, అవి మూసుకుపోకూడదు. రంధ్రం మూసుకుపోతే నీళ్లు లోపలే నిలిచి తుప్పు మొదలవుతుంది, బయటికేమో కారు మెరుస్తూనే ఉంటుంది. బంపర్లో పార్కింగ్ సెన్సర్లు ఉంటాయి, కొన్ని కార్లలో లోగో వెనకో బంపర్ పైతొడుగు వెనకో రాడార్ కూర్చుని ఉంటుంది, వాటి మీదికి ఏదీ రాకూడదు. బ్రేకులకి గాలి తీసుకెళ్లే నిజమైన వెంటు మీద అందం కోసం ఉత్తుత్తి వెంటు అతికించేవాళ్లని నేను చూశాను. దానికి ఏం చెప్పాలో నాకు తెలియదు.

ఇప్పుడు అసలు పని, తుడవడం. ముందు కారుని మామూలుగా షాంపూతో కడగండి. అతికించే చోట చేత్తో రాస్తే గరుకుగా తగిలితే క్లే బార్ (పెయింట్‌కి పట్టిన మురికిని లాగేసే మెత్తటి ముద్ద) పట్టించండి, తారు మచ్చలుంటే తారు తీసే ద్రావణంతో తీయండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి, శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో ఒకే దిశలో తుడిచి, ఆరిపోకముందే రెండో పొడి గుడ్డతో తీసేయండి. ఒకే గుడ్డతో అటూ ఇటూ రుద్దితే జిడ్డు చోటు మారుతుంది తప్ప పోదు. గుడ్డ మడత మారుస్తూ రెండు మూడుసార్లు చేయండి. ఆ తర్వాత ఆ చోట కాసిని నీళ్లు చల్లి చూడండి. నీళ్లు ముత్యాల్లా గుండ్రంగా నిలబడ్డాయంటే వాక్సో, కోటింగో ఇంకా ఉన్నట్టే, పలుచగా పరుచుకుంటే పని అయినట్టు. నేను మొదటిసారి ఈ ఒక్క పరీక్ష చేసుంటే ఈ కథ రాసే అవసరమే ఉండేది కాదు.

సిరామిక్ కోటింగ్ ఉన్న కారైతే ఆల్కహాల్‌కి అది లొంగదు. ట్రిమ్ కూర్చునే సన్నటి పట్టీ మేర చుట్టూ మాస్కింగ్ వేసి, సన్నటి పాలిషింగ్ కాంపౌండ్‌తో ఆ పొర తీయాల్సిందే, ఆ తర్వాత మళ్లీ ఆల్కహాల్. కొత్తగా పెయింట్ వేయించిన ప్యానెల్ అయితే కనీసం నెల ఆగండి, లోపలి ద్రావకాలు బయటికి పోతూ ఉంటే జిగురు సరిగ్గా పట్టదు. ట్రిమ్ వెనక వైపు కూడా తుడవాలి, టేపు మీరే వేసుకునేటట్టయితే ఇంకా ముఖ్యం, అచ్చులోంచి ముక్క తేలిగ్గా ఊడి రావడానికి వాడే నూనెలాంటి పూత దాని మీద మిగిలి ఉండొచ్చు. పెయింట్ లేని గరుకు నల్ల ప్లాస్టిక్ చాలావరకు పాలీప్రొపైలీన్. దానికి మామూలు టేపు ఊరికే పట్టదు, ప్రైమర్ అని అమ్మే, జిగురు పట్టేలా చేసే అడ్హెషన్ ప్రమోటర్ పలుచగా పూసి ఆరనివ్వాలి. అది టేపు కూర్చునే చోట మాత్రమే, బయటికి కారితే పెయింట్ మీద మరక పడుతుంది. తుడిచిన చోట వేలు పెట్టకండి. "శుభ్రంగా ఉందా" అని వేలితో తడిమి చూడాలనిపిస్తుంది, నాకూ ప్రతిసారీ అనిపిస్తుంది.

టేపు విషయానికొస్తే, గట్టి ఆక్రిలిక్ ఫోమ్ టేపే వాడండి, త్రీఎం కంపెనీ వీహెచ్‌బీ లాంటిది, 1 మిల్లీమీటరు మందం అటూ ఇటూ. ఫెవిక్విక్ రకం జిగుళ్లు, గట్టిపడిపోయే ఎపాక్సీ వద్దు. కారణం వేడి. మీటరు పొడవున్న ఏబీఎస్ పట్టీ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు మారితే దాదాపు 3 నుంచి 4 మిల్లీమీటర్లు సాగుతుంది, దాని కింద ఉన్న ఉక్కు అర మిల్లీమీటరు మాత్రమే సాగుతుంది. ఫోమ్ అయితే రెండింటి మధ్య నలిగి, సాగి సర్దుకుంటుంది, గట్టి జిగురు పగులుతుంది. అందుకే రెండు ముక్కలు పక్కపక్కన వచ్చే చోట అంచుకి అంచు ఆనించకుండా 2, 3 మిల్లీమీటర్ల సందు వదలండి. ఇంజిన్ వేడి గాలి బయటికి కొట్టే చోట, ఎగ్జాస్ట్ గొట్టాల పక్కన మాత్రం ఈ టేపుని కూడా నమ్మొద్దు, 90 డిగ్రీల పైన గంటల తరబడి ఉంటే మెత్తబడుతుంది.

అతికించే రోజు ప్యానెల్ 21 నుంచి 38 డిగ్రీల మధ్య ఉండాలి. గాలి వేడి కాదు, ప్యానెల్ వేడి. ఎండలో నిలబెట్టిన నల్ల కారు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, నీడలోకి తెచ్చి చల్లారనివ్వండి. 10 డిగ్రీల కంటే చల్లగా ఉంటే జిగురు గట్టిగా ఉండి ఉపరితలంలోకి దిగదు, హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చచేసుకోవాలి.

ఇప్పుడు అందరూ టెన్షన్ పడే ఘట్టం. కాగితం మొత్తం పీకేసి, రెండు చేతులతో గాల్లో పట్టుకుని, ఊపిరి బిగబట్టి అతికించడం అనే పద్ధతి ఒకటుంది. అది వద్దు. రెండు చివర్లా 5 సెంటీమీటర్లు మాత్రమే కాగితం పీకి, దాన్ని పక్కకి మడిచి, తోకలా బయటికి వేలాడేలా ముందువైపు అంటించండి. ముక్కని పైఅంచున మాస్కింగ్ టేపుతో కీలులా నిలబెట్టి, గుర్తులతో సరిపెట్టుకుని, ముందు ఆ రెండు చివర్లు తేలిగ్గా ఆనించండి. సరిగ్గా ఉందని మళ్లీ దూరం నుంచి చూశాక, తోక పట్టుకుని ప్యానెల్‌కి దాదాపు ఆనినట్టు ఉండే కోణంలో మెల్లగా లాగితే లోపలి కాగితం వచ్చేస్తుంది. గట్టిగా గుంజితే లోపలే తెగుతుంది, అప్పుడు సన్నటి పట్టకారుతో తీయాలి, అది నరకం. డిక్కీ లిప్ లాంటి పొడవు ముక్కలకి మాత్రం మధ్య నుంచి మొదలుపెట్టి చివర్లకి వెళ్లండి, రెండో మనిషి ఉండాలి. ఎక్కడా సాగదీయొద్దు, సాగదీసి అతికించిన రబ్బరు పట్టీ తన పొడవుకి తాను తిరిగి వెళ్లాలని చూస్తుంది, మొదట లేచేది చివరలే. అన్నట్టు, సబ్బునీళ్లు చల్లి జరుపుకుంటూ అతికించే పద్ధతి పలుచటి వినైల్ స్టిక్కర్లకి, ఫోమ్ టేపుకి కాదు.

తర్వాత నొక్కడం. ఈ టేపు ఒత్తిడితోనే పట్టు తెచ్చుకుంటుంది, చదరపు సెంటీమీటరుకి కిలో బరువు పెట్టినంత ఒత్తిడి కావాలి. చిన్న రబ్బరు రోలర్‌తో గానీ, గుడ్డ చుట్టిన బొటనవేలితో గానీ అంగుళం అంగుళం జరుపుతూ ఒక్కోచోట 10, 15 సెకన్లు నొక్కండి, చివర్లు, మూలలు రెండుసార్లు. మామూలు గది ఉష్ణోగ్రతలో ఇరవై నిమిషాలకి సగం పట్టు వస్తుంది, ఒక రోజుకి 90 శాతం, పూర్తి పట్టుకి 72 గంటలు. ఆ మూడు రోజులూ మాస్కింగ్ టేపు తీయకండి, కడగకండి, వేగంగా నడపకండి. కొత్త అందం ఎవరికైనా చూపించాలంటే వాళ్లనే పిలవండి.

వంకర వచ్చిందనుకోండి, మొదటి అయిదు నిమిషాల్లో తెలిస్తే మెల్లగా తీసేయొచ్చు, కానీ ఆ టేపు మళ్లీ వాడొద్దు, కొత్తది వేయాలి. పట్టేశాక తెలిస్తే చెయ్యి ఓర్చుకోగలిగేంత వెచ్చచేసి, చేపల గాలానికి వాడే నైలాన్ దారాన్ని వెనక నుంచి రంపంలా అటూ ఇటూ లాగుతూ కోయండి. స్క్రూడ్రైవరుతో లేపితే పెయింట్ కూడా దాంతోపాటే లేస్తుంది. మిగిలిన ఫోమ్‌ని బొటనవేలితో ఉండలు చుట్టి తీయండి, చివరి పొరకి జిగురు తీసే ద్రావణం.

వారం తర్వాత ఒక పలుచటి కాగితం తీసుకుని ట్రిమ్ అంచు చుట్టూ దూర్చి చూడండి. టేపు మొదలయ్యే చోట కాగితం ఆగిపోవాలి. ఎక్కడైనా అది దాటి లోపలికి వెళ్లిందంటే ఆ చోటు మాత్రమే వెచ్చచేసి మళ్లీ నొక్కి, రెండు రోజులు మాస్కింగ్ టేపు వేసి ఉంచండి. అదే చోటు మళ్లీ లేచిందంటే ముక్క అక్కడ బలవంతంగా వంగి ఉందన్నమాట, తీసి ఆకారం సరిచేసి కొత్త టేపుతో పెట్టాల్సిందే.