వైఫై కాలింగ్ పెట్టుకోవడం, పరీక్షించడం ఎలా?

హాల్లో ఫైబర్ కనెక్షన్ మీద సినిమా ఆగకుండా ఆడుతున్నా, ఫోను మోగితే మాత్రం బాల్కనీలోకి పరుగెత్తే కుటుంబాలు మన అపార్ట్‌మెంట్లలో కోకొల్లలు. కాంక్రీటు శ్లాబులు, సెల్లారు గోడలు టవరు సిగ్నల్‌ను అడ్డుకుంటాయి. దీనికి విరుగుడు చాలామంది ఫోన్లలో ఇప్పటికే ఉంది. వైఫై కాలింగ్‌ను ఆన్ చేసుకుంటే, మీ నంబరు నుంచే, మామూలుగా డయల్ చేసిన కాల్ టవరుకు బదులు ఇంటి ఇంటర్నెట్ గుండా మీ ఆపరేటరుకు చేరుతుంది. మన దేశంలో ఈ సదుపాయాన్ని ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో ఢిల్లీ ప్రాంతంలోను, జియో 2020 జనవరిలో దేశవ్యాప్తంగాను ప్రారంభించాయి. ఇన్నేళ్లు గడిచినా, స్విచ్ నొక్కి, ఒక కాల్ చేసి, ‘పనిచేస్తోంది’ అనుకునేవారే ఎక్కువ. ఆ కాల్ టవరు మీదుగానే వెళ్లిందన్న సంగతి వారికి తెలియదు. బంధువుల ఇళ్లలో ఈ పొరపాటును దిద్దీ దిద్దీ విసిగిపోయి ఈ వ్యాసం రాస్తున్నాను.

కావలసినవి తక్కువే. వైఫై కాలింగ్ ఉన్న ఫోను, ఆ సదుపాయం ఇచ్చే ఆపరేటరు సిమ్ము, నిలకడగా ఉండే వైఫై ఉంటే చాలు. వేగం గురించి బెంగ అక్కర్లేదు. మాటకు పట్టే డేటా చాలా స్వల్పం. రూటర్‌ను మాత్రం టీవీ వెనక దాచకుండా, గోడకు ఎత్తుగా, అందరికీ కనిపించేలా పెట్టాలి. ఈ విషయంలో అలంకరణ గురించిన వాదనలను నేను వినను.

ముందుగా ఫోను సాఫ్ట్‌వేర్‌ను అప్‌డేట్ చేసి, 4జీ కాలింగ్, అంటే వోల్టీ, ఆన్‌లో ఉందో లేదో చూడండి. తరువాత వైఫై కాలింగ్ స్విచ్ నొక్కండి. శాంసంగ్‌లో అది సెట్టింగ్స్‌లోని కనెక్షన్స్ కింద, ఐఫోన్‌లో మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్స్ కింద ఉంటుంది. మరికొన్ని ఫోన్లలో ‘మేక్ కాల్స్ యూజింగ్ వైఫై’ అనే పేరుతో సిమ్ కార్డు సెట్టింగ్స్‌లో దొరుకుతుంది. ఎక్కడుందో వెతుక్కునే ఓపిక లేకపోతే సెట్టింగ్స్ పైభాగంలోని వెతుకుడు పెట్టెలో పేరు కొట్టండి. రెండు సిమ్ములుంటే ఒక్కోదానికి విడిగా ఆన్ చేయాలి. మీ ఫోను ‘వైఫైకి ప్రాధాన్యం’, ‘మొబైల్‌కు ప్రాధాన్యం’ అని ఎంపిక చూపిస్తే, ఇంట్లో సిగ్నల్ బలహీనంగా ఉన్నవారు మొదటిదే ఎంచుకోవాలి. రెండోది ఎంచుకుంటే ఫోను కొనఊపిరితో ఉన్న ఒక్క గీత టవరునే పట్టుకుని వేలాడుతుంది.

అసలు చిక్కంతా పరీక్షలో ఉంది, ఇక్కడ తొందర పనికిరాదు. మొదట ఏరోప్లేన్ మోడ్ ఆన్ చేయండి. దానితో టవరు సంబంధం పూర్తిగా తెగిపోతుంది. చాలా ఫోన్లలో వైఫై కూడా ఆగిపోతుంది కనుక, దాన్ని చేత్తో మళ్లీ ఆన్ చేయాలి. ఈ రెండో పని మరచిపోయి, కాల్ వెళ్లడం లేదని ఆపరేటరును తిట్టినవారిని చాలామందిని చూశాను. వైఫై కలిశాక ఒక నిమిషం ఆగండి. ఆ నిమిషంలో ఫోను ఇంటర్నెట్‌లో మీ ఆపరేటరు ద్వారాన్ని వెతుక్కుని, సిమ్ములోని రహస్య తాళంతో తానెవరో నిరూపించుకుని, ఇతరులు చదవలేని ఒక సొరంగాన్ని ఏర్పరచుకుంటుంది. అది పూర్తయితే పైపట్టీలో ఫోను రిసీవరు పక్కన వైఫై అలల గుర్తో, ‘వోవైఫై’ అన్న అక్షరాలో కనిపిస్తాయి. ఐఫోన్‌లో ఆపరేటరు పేరు పక్కన వైఫై అని వస్తుంది. గుర్తు కనిపించినంత మాత్రాన సంబరపడకండి. కాల్ చేసి చూడాలి.

ఎవరికి చేయాలన్నదానికీ నియమముంది. అదే వైఫై మీద పక్కగదిలో కూర్చున్నవారికి చేయకూడదు. అలా చేస్తే ఏదైనా తేడా వచ్చినప్పుడు లోపం ఏ ఫోనుదో తేలదు. ఊళ్లో కీప్యాడ్ ఫోను వాడే పెద్దవారికో, ల్యాండ్‌లైన్‌కో చేయాలి. వాట్సాప్ కాల్ కంటే ఇది మేలని నేను వాదించేది ఇందుకే. అవతలివారి దగ్గర స్మార్ట్‌ఫోను, డేటా, యాప్ ఏవీ ఉండనక్కర్లేదు. కొరియర్ అబ్బాయి నుంచి, బ్యాంకు నుంచి మీ నంబరుకు వచ్చే కాల్ కూడా ఈ దారినే వస్తుంది.

కాల్ కలిశాక ‘వినిపిస్తోందా?’, ‘ఆఁ, వినిపిస్తోంది’ అనుకుని పెట్టేయడం పరీక్ష కాదు. మామూలు మాటల్లో అక్షరాలు జారిపోయినా మన మనసు పూరించేసుకుంటుంది. అందుకని నేను అవతలివారి చేత పదమూడో ఎక్కం చదివిస్తాను. ‘పదమూడు ఏళ్లు తొంభై ఒకటి’ అన్నచోట ‘తొంభై’ మాయమైతే వెంటనే పట్టుబడుతుంది. తరువాత మీరు చదవండి, వారు వినాలి. ఈ రెండో సగం చాలా ముఖ్యం. ఇంట్లో ఇంకో ఫోను ఫొటోలనో వీడియోనో అప్‌లోడ్ చేస్తున్నప్పుడు, అవతలి మాట మీకు శుభ్రంగానే వినిపిస్తుంది గాని, మీ మాట వారికి ముక్కలు ముక్కలుగా చేరుతుంది. మాట ఒక వైపు నుంచి చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే మంచిదన్నది అంతర్జాతీయ టెలికాం ప్రమాణం. అది బాగా మించితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఒకేసారి ఆగిపోతుంటారు. కాల్‌ను పది నిమిషాలపాటు కొనసాగించండి. మొదటి రెండు నిమిషాలు బాగుండి ఆ తరువాత తెగిపోయే వైఫైలు చాలానే ఉన్నాయి. పనిలో పనిగా వారి చేత మీకు కాల్ చేయించి, ఒక ఎస్సెమ్మెస్ పంపించండి. పరీక్ష కోసం అత్యవసర నంబరు 112కు మాత్రం ఎన్నడూ చేయకండి.

గుర్తు అసలు రాకపోతే ఫోనును రిపేరు దుకాణానికి మోసుకెళ్లే ముందు వీపీఎన్ యాప్ (మీ ఇంటర్నెట్‌ను వేరే సర్వరు గుండా మళ్లించేది) ఉంటే ఆపండి. తరువాత ఇంట్లో ఇంకొకరి ఫోను హాట్‌స్పాట్‌కు మీ ఫోనును కలపండి. అక్కడ గుర్తు వస్తే ఫోను, సిమ్ము రెండూ బాగున్నట్టే, లోపం ఇంటి వైఫైలో ఉంది. రూటర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేసినా ఫలితం లేకపోతే, అందులో ఐపీసెక్ పాస్‌త్రూ (ఇందాక చెప్పిన సొరంగాన్ని రూటర్ దాటనిచ్చే సెట్టింగు) ఆన్ చేసి, యూడీపీ 500, 4500 పోర్టులను, అంటే డేటా వెళ్లే ద్వారాలను, అడ్డుకోవద్దని ఇంటర్నెట్ వారికి చెప్పండి. ఆ సొరంగం సాగేది వాటి గుండానే. హాస్టళ్లు, ఆఫీసుల వైఫైల్లో తరచూ వాటినే మూసేస్తారు. హాట్‌స్పాట్ మీద కూడా రాకపోతే లోపం ఫోనులోనో సిమ్ములోనో ఉన్నట్టు, అప్పుడు ఆపరేటరు కస్టమర్ కేర్‌కు చెప్పుకోవాలి.

చివరి పరీక్షకు ఏరోప్లేన్ మోడ్ తీసేయాలి. రూటర్ పక్కన నిలబడి కాల్ మొదలుపెట్టి, మాట్లాడుతూనే మెట్లు దిగి గేటు దాకా నడవండి. అక్కడ కాల్ 4జీలోకి మారాలి. వోల్టీ ఆన్‌లో లేకపోయినా, దారిలో టవరు సిగ్నల్ అందని చోటున్నా అది తెగిపోతుంది. లిఫ్టులో కాకుండా మెట్ల మీదే దిగండి. లిఫ్టు తలుపు మూసుకుంటే ఏ కాల్ అయినా తెగిపోవచ్చు, తప్పు ఎవరిదో తేలదు. మా మేనమామ గారింట్లో ఈ నడక పరీక్షలో కాల్ మూడుసార్లు రెండో అంతస్తు మలుపులోనే తెగింది. రూటర్‌ను బీరువా పక్కనుంచి గుమ్మం పైకి మార్చాక గేటు దాకా నిలిచింది.