పగటి నిద్ర వదలడం లేదా? నార్కోలెప్సీని గుర్తించి, నిర్ధారణ చేయించుకునే తీరు

రాత్రి కంటినిండా నిద్రపోయినా పగలు క్లాసులోనో, బస్సులోనో, అన్నం కలుపుకుంటూనో ఆపుకోలేని కునుకు ముంచుకొస్తూ, మూడు నెలలకు పైగా అదే వరస కొనసాగుతుంటే దాన్ని బద్ధకమని కొట్టిపారేయకూడదు. అది నార్కోలెప్సీ అనే నిద్ర జబ్బు కావచ్చు. ఈ జబ్బు తరచుగా 10 నుంచి 30 ఏళ్ల మధ్య మొదలవుతుంది కాబట్టి వైద్యుడి కంటే ముందు మాస్టారి తిట్లే ఎదురవుతాయి.

అన్నిటికన్నా బలమైన ఆనవాలు కెటాప్లెక్సీ, అంటే నవ్వు లాంటి ఉద్వేగం కలిగినప్పుడు కండరాలు హఠాత్తుగా పట్టు సడలడం. ఎవరో వేసిన జోకుకు పకపకా నవ్వుతుండగానే దవడ జారి, మాట ముద్దగా మారి, మోకాళ్లు సడలి, చేతిలోని టీ గ్లాసు కింద పడిపోతుంది. ఇది సాధారణంగా రెండు నిమిషాల్లోపే సర్దుకుంటుంది. చూసేవారు మూర్ఛ అనుకొని తాళాలగుత్తి చేతిలో పెట్టే హడావుడిలో ఉంటారు గాని, పడిపోయిన మనిషికి పూర్తి స్పృహ ఉండి ఆ మాటలన్నీ వినిపిస్తూనే ఉంటాయి. వీలైతే ఆ క్షణాలను ఫోన్‌లో వీడియో తీసి ఉంచాలి. నోటితో చెప్పే వర్ణన కంటే వైద్యుడికి అది ఎక్కువ ఉపయోగపడుతుంది. కెటాప్లెక్సీ లేని రకం కూడా ఉంది కనుక, అది లేనంత మాత్రాన అనుమానం తీరిపోయినట్టు కాదు.

నిద్రలోకి జారేటప్పుడో, మేలుకునేటప్పుడో గుండెల మీద దయ్యం కూర్చున్నట్టు కదల్లేకపోవడం, లేని మనుషులు గదిలో కనిపించడం కూడా లక్షణాలే. అయితే ఇవి ఆరోగ్యవంతులకూ అప్పుడప్పుడు వస్తాయి.

రెండు వారాల పాటు పడుకున్న, లేచిన, కునుకు తీసిన వేళలు రాసుకొని న్యూరాలజిస్టును గాని, నిద్ర వైద్య నిపుణుణ్ణి గాని కలవాలి. ఎనిమిది ప్రశ్నల ఎప్‌వర్త్ స్కేలులో 24కు 10 దాటితే పగటి మత్తు అధికంగా ఉన్నట్టు లెక్క. గురకతో పాటు నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే స్లీప్ ఆప్నియా, థైరాయిడ్ లోపం, రక్తహీనత, నైట్ షిఫ్టులు కారణం కావచ్చేమో ముందుగా చూస్తారు.

అసలు పరీక్ష స్లీప్ ల్యాబులో జరుగుతుంది. రాత్రంతా పాలీసోమ్నోగ్రఫీ (నిద్రలో మెదడు తరంగాలు, ఊపిరి, గుండె తీరును నమోదు చేసే పరీక్ష) చేసి, మర్నాడు రెండేసి గంటల ఎడంతో నాలుగైదు సార్లు పడుకోబెట్టి, ఎంత త్వరగా నిద్ర పట్టిందో, కలలు వచ్చే రెమ్ నిద్ర ఎప్పుడు మొదలైందో కొలుస్తారు. సగటున ఎనిమిది నిమిషాల్లోపు నిద్ర పట్టి, కనీసం రెండుసార్లు పదిహేను నిమిషాల్లోపే రెమ్ వస్తే అది నార్కోలెప్సీని సూచిస్తుంది. డిప్రెషన్ మందులు రెమ్‌ను అణచివేస్తాయి కనుక వాటి సంగతి ముందే చెప్పాలి, కానీ సొంతంగా మానేయకూడదు.

నిర్ధారణ అయి, మత్తు అదుపులోకి వచ్చేదాకా బండి నడపకపోవడమే క్షేమం. మొదటిసారి ఫలితం స్పష్టంగా లేకపోయినా లక్షణాలు వదలకపోతే పరీక్షను మళ్లీ చేయమని అడగవచ్చు.